తుమ్ములు ఇమ్యూనిటీ తక్కువై వచ్చేవి కావు

తిరుపతిలో ఏ మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది. పొద్దున లేవగానే వరసపెట్టి తుమ్ములు, ముక్కు ధారగా కారడం, కళ్ల దురద, రాత్రయితే పిల్లికూతలు అని ఒకరు చెప్పుకుంటారు. కౌంటర్ అవతలి నుంచి ఠక్కున జవాబు వస్తుంది: "ఇమ్యూనిటీ తగ్గింది సార్, బూస్టర్ వాడండి." ఒక సీసా అమ్ముడుపోతుంది.

ఈ మాట పూర్తిగా తలకిందులు. డస్ట్ అలర్జీ ఉన్నవాడి ఇమ్యూనిటీ నీరసపడలేదు. పుప్పొడి, పరుపులోని ధూళి లాంటి హాని చేయని వాటి మీద అది యుద్ధానికి దిగుతోంది. అక్కడ కొరవడింది నిగ్రహం. ఆ నిగ్రహం ఊరికే ఉండిపోవడం వల్ల వచ్చేది కాదు. దాన్ని తయారుచేసే కణాలు వేరే ఉన్నాయి, వాటికీ శిక్షణ ఉంది, ఆ శిక్షణకు కొన్ని షరతులున్నాయి. ఆ షరతులేమిటో తెలియకపోవడం వల్లే మన దగ్గర అలర్జీ వైద్యంలో సగం డబ్బు వృథా అవుతోందని నా వాదన. "దుమ్ములో తిరిగితే అదే అలవాటవుతుంది" అనేవాళ్లూ, "కిటికీలు మూసుకుని కూర్చో" అనేవాళ్లూ ఆ షరతుల దగ్గరే పొరబడుతున్నారు.

ఇంటి కుక్క పాలవాణ్ణి చూసి మొరగదు. గొంతు పోయి కాదు, పళ్లు ఊడి కాదు. వాడు రోజూ అదే వేళకు, అదే గేటులోంచి, గొడవ లేకుండా వచ్చి పోతాడు, ఇంట్లోవాళ్లు కంగారుపడరు. కుక్క అది చూసి నేర్చుకుంది. అదే మనిషి మొదటిసారి అర్ధరాత్రి గోడ దూకి, కర్ర పట్టుకుని వచ్చి ఉంటే? ఇక జన్మలో ఆ చొక్కా రంగు కనపడినా మొరుగుతుంది. ఊపిరితిత్తుల్లో జరిగేది అచ్చం ఇదే. వచ్చినది ఎవరన్నది ఒక్కటే చాలదు. ఏ దారిన వచ్చింది, ఎంత వచ్చింది, వచ్చినప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉందా లేదా అన్నవే తీర్పు చెబుతాయి.

మనిషి రోజుకు పదివేల లీటర్లకు పైగా గాలి పీలుస్తాడు. మన వైపు ఆ గాలితో పాటు లోపలికి పోయేవి: ఖాళీ ప్లాట్లలో మోకాలెత్తు పెరిగే వయ్యారిభామ పుప్పొడి, గరిక పుప్పొడి, చెరువు కట్టల మీది సర్కారు తుమ్మ పుప్పొడి, తడి గోడల బూజు, బొద్దింకల పొడి, పరుపుల్లో బతికే డస్ట్ మైట్ల రెట్టలు. (మామిడి పూతను తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. మామిడిది ఈగలు, తేనెటీగలు మోసుకెళ్లే జిగురు పుప్పొడి. గాలిలో దూరం పోదు. పూత కాలంలో ముక్కు కారితే తోటను అనుమానించే ముందు గట్టు మీది గడ్డిని చూడండి.) ఇవన్నీ అందరూ పీలుస్తున్నారు. ఎక్కువమందికి ఏమీ కావడం లేదు. అసలు అడగాల్సిన ప్రశ్న అదే: వాళ్లకు ఎందుకు కావడం లేదు?

పుప్పొడి రేణువు సాధారణంగా 15 నుంచి 40 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, ముక్కులోనే చిక్కుకుంటుంది. చిన్న ముక్కలు మాత్రం గాలిగదుల దాకా దిగుతాయి. అక్కడ కాపలా ఉండేవి ఆల్వియోలార్ మాక్రోఫేజ్‌లు. దొరికిన చెత్తను చప్పుడు చేయకుండా మింగేసి, ఎవరినీ పిలవకుండా ఊరుకోవడం వీటి పని. 1989లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఎలుకల ఊపిరితిత్తుల్లోంచి ఈ కణాలను మాత్రమే తొలగించి చూశారు. అంతకు ముందు పెద్దగా పట్టించుకోని ప్రోటీనుకే ఆ ఎలుకలు గట్టిగా స్పందించడం మొదలుపెట్టాయి. అంటే ఊరుకోబెట్టడం కూడా ఒకరు చేయాల్సిన పనే. చేసేవాళ్లు లేకపోతే గొడవ మొదలవుతుంది.

మాక్రోఫేజ్‌లకు చిక్కనిది డెండ్రైటిక్ కణాల చేతికి వస్తుంది. శ్వాసనాళాల లోపలి పొర కింద ఇవి వల పరిచినట్టు ఉంటాయి. పొర కణాల మధ్యలోంచి సన్నని చేతులు బయటికి చాచి నమూనా పట్టుకుంటాయి. ఆ నమూనాతో ఊపిరితిత్తుల మొదట్లో ఉన్న లింఫు గ్రంథుల దాకా ఒక రోజు అటూఇటూగా ప్రయాణం చేసి, అక్కడ ఇంకా ఏ పనీ నేర్చుకోని టి-కణానికి (ఎవరి మీద దాడి చేయాలో తేల్చే తెల్లకణం) చూపిస్తాయి. టి-కణం అక్కడ మూడు సంగతులు గమనిస్తుంది. ఏమిటి ఈ వస్తువు? దీన్ని తెచ్చినవాడు కంగారులో ఉన్నాడా? చుట్టూ ఏ రసాయనాలున్నాయి?

పొర ప్రశాంతంగా ఉన్నప్పుడు వచ్చిన డెండ్రైటిక్ కణం మీద ప్రమాద సంకేతాలు, అంటే సీడీ80, సీడీ86 అనే అణువులు, తక్కువగా ఉంటాయి. చుట్టూ ఐఎల్-10, టీజీఎఫ్-బీటా అనే చల్లబరిచే సంకేత రసాయనాలు, విటమిన్-ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం ఉంటాయి. అలాంటి చోట టి-కణం సైనికుడిగా మారదు. కొన్ని చచ్చిపోతాయి, కొన్ని మొద్దుబారిపోతాయి, కొన్ని మాత్రం టి-రెగ్‌లు అనే నియంత్రణ కణాలుగా మారతాయి. మనకు కావలసింది ఆ చివరివే. ప్లాస్మాసైటాయిడ్ అనే రకం డెండ్రైటిక్ కణాలకు కూడా ఇందులో వాటా ఉంది. ఎలుకల్లో వాటిని తీసేసి, మామూలుగా ఏ ఇబ్బందీ పెట్టని కోడిగుడ్డు ప్రోటీనును పీల్పిస్తే ఉబ్బసం లక్షణాలు వచ్చాయి. అది 2004 నాటి ప్రయోగం.

టి-రెగ్ చేసే పని ఎంత చురుకైనదో చూడండి. ఐఎల్-10, టీజీఎఫ్-బీటాలను విడుదల చేసి చుట్టుపక్కల కణాలను చల్లబరుస్తుంది. తన ఒంటి మీది సీటీఎల్ఏ-4తో డెండ్రైటిక్ కణం మీది సీడీ80, సీడీ86లను పట్టుకుని పీకి తనలోకి లాగేసుకుంటుంది. టి-కణాలు పెరగడానికి కావలసిన ఐఎల్-2ను తానే తాగేసి మిగతావాటికి అందకుండా చేస్తుంది. యాంటీబాడీలు తయారుచేసే బి-కణాలను అలర్జీ తెచ్చే ఐజీఈ రకం వైపు పోనివ్వకుండా, అలర్జీని అడ్డుకునే ఐజీజీ4 రకం వైపు తిప్పడంలోనూ సాయపడుతుంది.

ఈ కణాలున్నాయని 1995లో షిమోన్ సకగుచి చూపించారు. వాటిని నడిపించే జన్యువు ఫాక్స్‌పీ3 అని 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బయటపెట్టారు. 1940లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో పొలుసులూడే చర్మంతో పుట్టి, కొన్ని వారాల్లోనే చచ్చిపోయే ఒక ఎలుక వంశం కనిపించింది. దాని రహస్యాన్ని వెతుకుతూ పోతే ఈ జన్యువు దొరికింది. ఇదే జన్యువు చెడిన మగపిల్లలకు ఐపెక్స్ అనే అరుదైన జబ్బు వస్తుంది: పసితనంలోనే షుగరు, ఆగని విరేచనాలు, ఎగ్జిమా, ఆకాశాన్నంటే ఐజీఈ. సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్ ముగ్గురికీ కలిపి 2025లో వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. బూస్టర్ సీసా అమ్మేవాళ్లకు నేను చూపించాలనుకునే ఉదాహరణ ఆ ఐపెక్స్ పిల్లలే. వాళ్లలో దాడి చేసే కణాలకు లోటేమీ లేదు. ఆపేవి లేవు, అంతే.

ఇక ఇది చెడేదెక్కడ? డస్ట్ మైట్‌తోనే మొదలుపెడదాం. పాత పుస్తకాలన్నీ "ఇంటి దుమ్ము" అని వదిలేసిన దాంట్లో అసలు దోషి ఈ పురుగేనని 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు తేల్చారు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మన ఒంటి మీది చర్మపు పొట్టు తిని బతుకుతుంది. రోజుకు 20 దాకా రెట్టలు వేస్తుంది. ఒక్కో రెట్ట 10 నుంచి 40 మైక్రాన్లు. ఆ రెట్టలో డెర్ పి 1 అనే ప్రోటీను ఉంది. అది పురుగు పేగులోని జీర్ణరసం, ప్రోటీన్లను కోసే ఎంజైము. శ్వాసనాళపు పొర మీద పడగానే కణాలను కలిపి కుట్టిన అతుకులను కోసేస్తుంది. డెర్ పి 2 అనే ఇంకో ప్రోటీను బ్యాక్టీరియా వచ్చిందని మన కణాలు భ్రమపడేలా చేస్తుంది. గోడ దూకి రావడమంటే ఇదే.

అతుకులు తెగిన పొర టీఎస్ఎల్‌పీ, ఐఎల్-33, ఐఎల్-25 అనే ప్రమాద రసాయనాలతో కేకలు వేస్తుంది. ఆ కేకలు విన్న డెండ్రైటిక్ కణం గ్రంథికి కంగారుగా చేరుతుంది. అక్కడ టి-కణం టీహెచ్2 అనే అలర్జీ సైనికుడిగా మారుతుంది. దాని ఐఎల్-4 వల్ల బి-కణం ఐజీఈ తయారుచేస్తుంది, ఐఎల్-5 ఇయోసినోఫిల్స్ అనే వాపు తెచ్చే తెల్లకణాలను పిలుస్తుంది, ఐఎల్-13 జిగురు పెంచుతుంది. ఐజీఈ రక్తంలో రెండు మూడు రోజులే ఉంటుంది గానీ ముక్కు, శ్వాసనాళాల పొరలోని మాస్ట్ కణాల మీద కూర్చుందంటే వారాల తరబడి కదలదు. మళ్లీ అదే రెట్ట పొడి తగిలితే ఆ కణాలు నిమిషాల్లో హిస్టమిన్ అనే రసాయనాన్ని కుమ్మరిస్తాయి, తుమ్ములొస్తాయి. 4 నుంచి 8 గంటల తర్వాత రెండో విడత వస్తుంది. ముక్కు దిబ్బడ, ఆయాసం ఎక్కువగా దాని పుణ్యమే.

పొగ ఇందులో ఏం చేస్తుందో చెప్పే ఒక ప్రయోగాన్ని ఎవరూ తగినంతగా ప్రచారం చేయలేదు. 1999లో లాస్ ఏంజెలిస్‌లో అలర్జీ తత్వం ఉన్న కొందరు స్వచ్ఛంద సేవకుల ముక్కుల్లో ఒక సముద్రపు నత్త ప్రోటీను వేశారు. వాళ్ల శరీరం అంతకు ముందెప్పుడూ చూడనిది అది. ఒట్టి ప్రోటీను ఇచ్చినవాళ్లలో ఒక్కరికీ దాని మీద ఐజీఈ పుట్టలేదు. ముందు డీజిల్ పొగ కణాలు వేసి, ఆపై అదే ప్రోటీను ఇచ్చిన 15 మందిలో 9 మందికి పుట్టింది. వస్తువు అదే, ముక్కులూ అలాంటివే. పొగ ఒక్కటే తేడా. బస్టాండు పక్కన, చెత్త తగలబెట్టే వీధి చివర, వేరుశనగ కాయలు ఒలిచే మిల్లు పక్కన పెరిగే పిల్లల గురించి ఆలోచించాల్సింది ఈ కోణంలోనే. ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క దోమల చక్రం కాలితే వచ్చే సన్నని కణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో కొలిచారు. తలుపులు మూసి చక్రం వెలిగించి, పొద్దున దేవుడి గదిలో సాంబ్రాణి పట్టి, ఆపైన "పిల్లోడికి దుమ్ము పడదు" అంటాం. దుమ్ము కన్నా ముందు పొగను ఆపాలి. దోమతెర ఉంది, కిటికీ జాలీ ఉంది. సాంబ్రాణి అంతగా కావాలంటే కిటికీ తెరిచి, ఉబ్బసం ఉన్నవాళ్లను బయటికి పంపి పట్టండి. భక్తికి వచ్చిన లోటేమీ లేదు.

"అలవాటవుతుంది" అనే వాదనకు వద్దాం. ఐజీఈ ఒకసారి మాస్ట్ కణాల మీద కూర్చున్నాక రోజూ కొంచెం కొంచెం పీలిస్తే ఏమవుతుందో 1960ల చివర్లోనే కొలిచి చూశారు. వరసగా రోజూ ముక్కులో పుప్పొడి వేస్తూ పోతే, మొదటి రోజు అవసరమైన దానికంటే చాలా తక్కువ పుప్పొడికే తర్వాతి రోజుల్లో ముక్కు దిబ్బడ వేసింది. తట్టుకునే హద్దు పడిపోతోంది, పెరగడం లేదు. చీపురు పట్టి "చూద్దాం ఎన్నాళ్లు తుమ్ముతావో" అనే పెద్దల వైద్యం జబ్బును పదును పెట్టడమే.

అయితే ఈ వాదన వెనక ఒక నిజం నీడలా ఉంది. దాన్ని కొట్టిపారేస్తే అన్యాయం. అన్నాచెల్లెళ్లు ఎక్కువమంది ఉన్న ఇళ్లలో పెరిగిన పిల్లలకు హే ఫీవర్ (పుప్పొడి అలర్జీ) తక్కువని 1989లో బ్రిటన్‌లో డేవిడ్ స్ట్రాకన్ గమనించారు. 2016లో అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అనే రెండు రైతు సమాజాల పిల్లలను పోల్చారు. రెండూ మధ్య ఐరోపా నుంచి వచ్చిన సమూహాలే, జన్యువుల్లో పెద్ద తేడా లేదు. ఇంటి పక్కనే కొట్టం పెట్టుకుని, గుర్రాలతో దున్నే ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5.2 శాతం. యంత్రాలతో, ఊరికి దూరంగా పెద్ద ఫారాలు నడిపే హట్టరైట్ పిల్లల్లో 21.3 శాతం. ఆమిష్ ఇళ్ల దుమ్ములో బ్యాక్టీరియా పైపొరకు చెందిన ఎండోటాక్సిన్ దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. ఎందుకలా అన్నదానికి ఒక ముక్క అంతకు ముందు ఏడాదే దొరికింది: అలాంటి దుమ్ము నిత్యం తగిలితే శ్వాసనాళపు పొరలో ఏ20 అనే ఎంజైము పెరిగి, పొర అంత తేలిగ్గా కేకలు వేయడం మానేస్తుంది. ఎలుకల్లో ఆ ఎంజైమును తీసేస్తే రక్షణా పోయింది.

పలమనేరు, కుప్పం వైపు ఇంటికో రెండు ఆవులున్న ఊళ్లకు ఇది చెవికింపైన కథ. కానీ జాగ్రత్త. ఆ రక్షణ తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి మొదటి ఏళ్ల వరకు ఉండే వాతావరణానికి సంబంధించినది. ముప్ఫై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సెలవులకు వచ్చి కొట్టం ఊడిస్తే వచ్చేది ఆయాసమే. పైగా కొట్టం ఉంది కదా అని అదే వరండాలో పిడకల పొయ్యి పెడితే పొర మళ్లీ కోసుకుపోతుంది. అదే ప్రాంతంలో పట్టుపురుగులు పెంచే షెడ్లలో పనిచేసేవాళ్లకు పట్టు చిలుకల (మాత్‌ల) రెక్కల పొలుసుల వల్ల ఉబ్బసం రావడం కూడా తెలిసిన సంగతే. పల్లె గాలి అన్నంత మాత్రాన మందు అయిపోదు.

మరి ఒకసారి చెడ్డ నిగ్రహాన్ని మళ్లీ నేర్పగలమా? నేర్పగలం. నూరేళ్లకు పైబడి నేర్పుతూనే ఉన్నాం. 1911లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ చర్మం కింద ఎక్కించారు. అది ఎలా పనిచేస్తుందన్న ఆయన ఊహ తప్పు, పని చేస్తుందన్న మాట మాత్రం నిజం. దీన్నే ఇప్పుడు అలర్జెన్ (అలర్జీ తెచ్చే పదార్థం) ఇమ్యునోథెరపీ అంటున్నారు.

గాలిలో పీల్చినదానికి జబ్బు ముదిరి, సూదిలో ఇచ్చినదానికి తగ్గడం వింతగా అనిపిస్తుంది. దారి, మోతాదు రెండూ వేరు. ఏడాదంతా పీల్చే పుప్పొడి ప్రోటీను కలిపితే ఒక మైక్రోగ్రాము అటూఇటూ. ఇమ్యునోథెరపీలో స్థిర మోతాదుకు చేరాక ఒక్క సూదిలోనే ముఖ్య అలర్జెన్ 5 నుంచి 20 మైక్రోగ్రాములు. అది గాయపడిన శ్వాసనాళం గుండా కాక చర్మం కింద నుంచి, లేదా నాలుక కింద నుంచి, గొడవ లేని దారిలో వెళ్తుంది. మొదటి కొన్ని గంటల్లోనే మాస్ట్ కణాలు, రక్తంలోని వాటి సాటి కణాలైన బేసోఫిల్స్ కాస్త మొద్దుబారతాయి. కొన్ని వారాల్లో ఐఎల్-10 తయారుచేసే టి-రెగ్‌లు కనిపిస్తాయి. ఐజీఈ మొదట కొంచెం పెరుగుతుంది కూడా. అది చూసి బెదిరి మానేసేవాళ్లున్నారు. నెలలు గడిచేకొద్దీ ఐజీజీ4 పదింతలు, ఒక్కోసారి వందింతలు అవుతుంది. వచ్చిన అలర్జెన్‌ను మాస్ట్ కణం మీది ఐజీఈ అందుకునేలోపే పట్టేసుకుంటుంది. ఐజీఈ మాత్రం ఏళ్ల మీద మెల్లగా తగ్గుతుంది.

ఇక్కడే ఒక పక్కమాట. ల్యాబులు ఐదారు వేలకు "ఫుడ్ ఇంటాలరెన్స్ ప్యానెల్" అని అమ్ముతున్నవాటిలో చాలావరకు కొలిచేది ఈ ఐజీజీ4నే. అన్నం, పెరుగు, వంకాయ ఎక్కువ వచ్చాయని మాన్పిస్తారు. ఐజీజీ4 ఉందంటే ఆ తిండిని మీ శరీరం బాగా ఎరుగునని, ఓర్చుకుంటోందని. ఓర్పు గుర్తును జబ్బుగా చదివి మనిషిని పస్తు పెట్టడం కన్నా విడ్డూరం ఉండదు.

వైద్యం మొదలుపెట్టేముందు ఏది పడదో తేలాలి. చర్మం మీద చిన్నగా గుచ్చి చూసే ప్రిక్ టెస్టుకు వారం ముందు సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ లాంటివి ఆపాలి. ఆపకపోతే అన్నీ నెగటివ్‌గానే వస్తాయి. అందరికీ దద్దు రావాల్సిన హిస్టమిన్ చుక్క దగ్గర కూడా దద్దు రాలేదంటే ఆ పరీక్ష చెల్లదని అర్థం. చుక్కకూ చుక్కకూ 2 సెంటీమీటర్ల ఎడం, 15 నుంచి 20 నిమిషాలకు కొలత, అలర్జెన్ లేని నెగటివ్ చుక్క కంటే 3 మిల్లీమీటర్లు పెద్ద దద్దు వస్తే పాజిటివ్. పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనా అంటే, కాదు. 1991లో బెంగళూరులో వయ్యారిభామ పుప్పొడికి 40 శాతానికి పైగా జనం స్పందించారు, దానివల్ల ముక్కు జబ్బు ఉన్నది మాత్రం 7 శాతం మందికి. మనకు పక్క ఊరే కదా, ఆ కలుపే ఇక్కడా. కాబట్టి అరవై చుక్కల ప్యానెల్ వేసి పాజిటివ్ వచ్చిన పదిహేనింటినీ ఒకే సీసాలో కలిపి ఇస్తామనే చోట నుంచి లేచి వచ్చేయండి. పదిహేను కలిపితే ఒక్కొక్కటీ పలచబడి, ఏదీ పని చేసే మోతాదుకు చేరదు. బూజు, బొద్దింక సారాల్లో ప్రోటీన్లను కోసే ఎంజైములుంటాయి. వాటిని పుప్పొడి సారంతో కలిపితే పుప్పొడిని సీసాలోనే తినేస్తాయి. లక్షణాలు వచ్చే కాలం, చోటు, పరీక్ష మూడూ ఒకే మాట చెప్పిన ఒకటి రెండు అలర్జెన్లకే వైద్యం చేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో, పరుపు మీద, పొద్దున పూట ముదిరితే మైట్ మీద అనుమానం. వానలు తగ్గి ఖాళీ ప్లాట్లు తెల్లగా పూసినప్పుడు, బయట తిరిగితే ముదిరితే వయ్యారిభామ మీద.

సూదుల పద్ధతి ఇలా ఉంటుంది. పది రెట్ల చొప్పున పలచన చేసిన సీసాల వరస. బాగా పలచనిదాంతో మొదలు. ఒక్కో సీసాలో 0.05 మిల్లీలీటర్ల నుంచి 0.5 దాకా, వారానికోసారి పెంచుతూ నాలుగైదు నెలల్లో స్థిర మోతాదు చేరాలి. ఆపైన నెలకోసారి, కనీసం 3 ఏళ్లు. జబ్బ వెనక వైపు, చర్మం కింద, కండలోకి కాదు. గుచ్చాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం రాలేదని చూడాలి. పొడిచాక రుద్దకూడదు. 30 నిమిషాలు అక్కడే కూర్చోవాలి, ఇందులో బేరం లేదు, ఎందుకంటే తీవ్రమైన రియాక్షన్లలో ఎక్కువ భాగం ఆ అరగంటలోనే వస్తాయి. ఆ రోజు జ్వరం ఉన్నా, పిల్లికూతలున్నా సూది వాయిదా. నెలలు గ్యాప్ వచ్చినా, కొత్త సీసా తెరిచినా మోతాదు తగ్గించి మళ్లీ ఎక్కాలి; పాత మోతాదే పొడవడం ప్రమాదాలకు పెద్ద కారణం. సూది తర్వాత రెండు గంటలు పరుగులు, జిమ్ము, అలిపిరి మెట్లు వద్దు.

గదిలో తీవ్రమైన రియాక్షన్‌కు ఇచ్చే అడ్రినలిన్ ఉందా అని మొదటి రోజే అడగండి. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న ఆంపుల్ నుంచి పెద్దలకు 0.5 మిల్లీలీటర్లు, పిల్లలకు కిలోకు 0.01 చొప్పున, తొడ బయటి వైపు కండలోకి. అవిల్, హైడ్రోకార్టిజోన్ మాత్రమే చూపించి "ఇవి చాలు" అంటే అక్కడ సూది వేయించుకోకండి. అమెరికాలో 1990 నుంచి 2001 దాకా లెక్క తీస్తే దాదాపు 25 లక్షల సూదులకు ఒక మరణం. ఆ అంకె అంత చిన్నగా ఉండటానికి కారణం అరగంట కాపలా, అడ్రినలినే. అదుపులో లేని ఉబ్బసం ఉన్నవాళ్లకు, ఊపిరి ఊదే పరీక్షలో 70 శాతం దాటనివాళ్లకు మొదలుపెట్టకూడదు. బీపీకి బీటా బ్లాకర్ వాడేవాళ్లు ముందే చెప్పాలి, అడ్రినలిన్ వాళ్ల మీద సరిగా పని చేయదు. గర్భిణికి కొత్తగా మొదలుపెట్టరు. అప్పటికే స్థిర మోతాదులో ఉంటే కొనసాగించవచ్చు.

మన దేశంలో దొరికే సారాల్లో చాలావాటి మీద 1:50, 1:500 అని పలచన లెక్క ఉంటుంది తప్ప లోపల ముఖ్య అలర్జెన్ ఎన్ని మైక్రోగ్రాములో ఉండదు. అందుకే ఒక కంపెనీ సీసా మధ్యలో మార్చి ఇంకోటి ఇస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మే నెలలో కొరియర్‌లో మూడు రోజులు తిరిగి, ఆపై కరెంటు పోయిన ఫ్రిజ్‌లో పడుకున్న సీసా ఒట్టి ఉప్పు నీళ్లతో సమానం. నాలుక కింద చుక్కలు, మాత్రలు ఇంట్లోనే వాడొచ్చు, ప్రమాదం తక్కువ. మొదటి మోతాదు డాక్టరు ముందు, ఆపై రోజూ ఒకటి రెండు నిమిషాలు నాలుక కింద ఉంచి మింగాలి. మొదటి రోజుల్లో నోరు దురద పెట్టడం మామూలే. చిక్కంతా "రోజూ" అన్న మాట దగ్గర. ఆరు నెలలకు బాగుందని ఆపేస్తారు.

ఆరు నెలల్లో ఎందుకు చాలదంటే, అప్పటికి వచ్చిన మేలు మాస్ట్ కణాల మొద్దుబారడం, ఐజీజీ4 పెరగడం వల్ల వచ్చినది. టి-కణాల జ్ఞాపకం ఇంకా తిరగలేదు. 1999లో లండన్‌లో గడ్డి పుప్పొడికి 3, 4 ఏళ్లు సూదులు తీసుకున్నవాళ్లకు ఆపేసిన తర్వాత మరో మూడేళ్లు మేలు నిలిచింది. 2017లో రెండేళ్లకే ఆపి చూస్తే, ఏడాది తిరిగేసరికి మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ తేడా చెరిగిపోయింది.

వీటికి పక్కన పెట్టి చూస్తే సీజన్ సీజన్‌కూ తుంటికి పొడిపించుకునే స్టెరాయిడ్ సూది ఏం నేర్పుతుంది? ఏమీ నేర్పదు. నాలుగు వారాలు అందరి నోళ్లూ మూయిస్తుంది, షుగరు పెంచుతుంది, ఎముకలు గుల్ల చేస్తుంది. ఆపగానే మొదటికి వస్తారు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే అలా కాదు, ఒంటికెక్కేది చాలా తక్కువ. కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి, ముక్కు మధ్య గోడ వైపు కాక చెంప వైపు గురిపెట్టి, రోజూ కొట్టాలి. వారం రెండు వారాలకు గానీ పూర్తి ఫలితం తెలియదు. ముక్కు దిబ్బడకు వెంటనే తెరిచే జైలోమెటజోలిన్ చుక్కలు ఐదు రోజులు దాటితే అవే దిబ్బడ తెస్తాయి. స్ప్రే నేర్పదు, నిజమే, కానీ పొరను ప్రశాంతంగా ఉంచుతుంది. ఇమ్యునోథెరపీ జరిగే మూడేళ్లూ అది పక్కన ఉండాల్సిందే.

ఇంట్లో మార్పులు ఎక్కడ ఫలిస్తాయంటే పరుపు దగ్గర. మైట్‌కు నోటితో తాగే అలవాటు లేదు, గాలిలోని తేమే దానికి నీళ్లు. తేమ 50 శాతం కంటే తగ్గితే ఎండిపోతుంది. తిరుపతి మే ఎండకు గది ఎండినా, రాత్రంతా మన చెమట తాగిన దూది పరుపు లోపల తేమగానే ఉంటుంది. 55 డిగ్రీలు దాటిన వేడి దాన్ని చంపుతుంది, కనుక దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి. వేడినీళ్ల మిషన్ లేకపోతే కాచిన నీళ్లు పోసి నానబెట్టినా సరే. ఎండకు వేసిన పరుపులో పురుగు చచ్చినా రెట్ట అక్కడే ఉంటుంది. దులపాలి, అలర్జీ ఉన్నవాళ్లు కాక వేరొకరు దులపాలి. పరుపుకు, దిండుకు సన్నని నేత కవర్లు, రంధ్రం 10 మైక్రాన్ల లోపు ఉండేవి, జిప్ పూర్తిగా మూసుకునేవి వేయాలి. రెట్ట బరువైనది, గాలిలో లేచినా అరగంట లోపు కిందికి దిగుతుంది. అందుకే ముప్ఫై వేల ఎయిర్ ప్యూరిఫైయర్ మైట్ అలర్జీకి పెద్దగా ఒరగబెట్టేదేమీ ఉండదు. ఆ డబ్బుతో కవర్లు కొని, చీపురు బదులు తడిగుడ్డ వాడితే ఎక్కువ మేలు. ఒక్క కవర్లతోనే జబ్బు పోతుందని మాత్రం అనుకోకండి. ఒక్కదాన్నే నమ్ముకుని చేసిన పెద్ద ప్రయోగాల్లో పెద్దవాళ్లకు ఫలితం రాలేదు. వయ్యారిభామను పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసుకుని, వేరుతో పీకాలి. పూసిన తర్వాత పీకడమంటే పుప్పొడిని మొహం మీద దులుపుకోవడమే.

ఒక ఏడాది స్థిర మోతాదులో ఉన్నాక లెక్క చూడాలి. అంతకు ముందు సీజన్‌లో ఎన్ని రోజులు మాత్ర వేసుకోవాల్సి వచ్చింది, ఈసారి ఎన్ని రోజులు. రాత్రి నిద్ర ఎన్నిసార్లు చెడింది. ఇన్‌హేలర్ ఎన్నిసార్లు వాడారు. మొదటి రోజు నుంచీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటేనే ఇది తేలుతుంది, ఐజీఈ రిపోర్టు చూస్తే తేలదు. తేడా స్పష్టంగా ఉంటే మిగతా రెండేళ్లు సాగించండి. లేకపోతే ముందు మోతాదు చేరిందా, సీసా చల్లగా ఉందా, ఎంచుకున్న అలర్జెన్ సరైనదేనా అని అడగండి. మూడూ సరిగా ఉన్నా మార్పు లేదంటే అక్కడితో ఆపేయడమే సరి.